సామాన్య, సంయుక్త వాక్యాలు: సౌదీ అరేబియాలో ఇంగ్లీషు బోధన

ఇంగ్లీషు వ్యాకరణంలో కర్త, సమాపక క్రియలతో కూడిన ఒకే ఉపవాక్యం గలది సామాన్య వాక్యం. స్వతంత్రంగా నిలవగల రెండు లేదా అంతకు మించిన ఉపవాక్యాలు సముచ్చయంతో, అంటే కలిపే మాటతో గాని, సెమికోలన్‌తో గాని జతపడితే అది సంయుక్త వాక్యం. ఇందుకు వాడే ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అనే ఏడు మాటలను వాటి మొదటి అక్షరాలతో కూర్చిన 'ఫ్యాన్‌బాయ్స్' అనే గుర్తుతో పిల్లలకు నేర్పుతారు. ఈ విభజనకు వాక్యం పొడవుతో సంబంధం లేదు.

సౌదీ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు 1924లో మొదలైందని కొందరు, 1927 ప్రాంతంలో అని మరికొందరు రాశారు. విద్యా డైరెక్టరేటు 1925 ప్రాంతంలో ఏర్పడిందన్న లెక్కను బట్టి రెండవ అభిప్రాయమే సబబుగా కనిపిస్తుంది. చాలాకాలం ఏడు నుంచి తొమ్మిది వరకు గల మాధ్యమిక తరగతుల్లోనే ఆరంభమైన ఈ బోధన క్రమంగా కింది తరగతులకు దిగి, 2021లో ఒకటో తరగతికి చేరింది. ప్రవాస తెలుగు కుటుంబాల పిల్లలు చదివే జెడ్డా, రియాద్, దమ్మామ్‌లలోని ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్లు మాత్రం సీబీఎస్ఈ పాఠ్యక్రమాన్ని అనుసరిస్తాయి. వీటిలో జెడ్డా పాఠశాల 1969లో ఏర్పడింది.

సామాన్య, సంయుక్త వాక్యాల విభజనలో తెలుగు పిల్లలకు చిక్కు ముఖ్యంగా అసమాపక క్రియ దగ్గర వస్తుంది. 'రవి బడికి వెళ్లి పరీక్ష రాశాడు' అన్నప్పుడు 'వెళ్లి' అనే క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ వల్ల తెలుగు వ్యాకరణం దీన్ని సంశ్లిష్ట వాక్యంగా లెక్కిస్తుంది. ఇదే భావం ఇంగ్లీషులో సాధారణంగా 'రవి వెంట్ టు స్కూల్ అండ్ రోట్ ద ఎగ్జామ్' అవుతుంది. దీని వర్గం విషయంలో వ్యాకరణకర్తలకు ఏకాభిప్రాయం లేదు. నెస్‌ఫీల్డ్ రాసినటువంటి పాత ఇంగ్లీషు వ్యాకరణాల పద్ధతిలో ఇది రెండవ కర్త లోపించిన సంక్షిప్త సంయుక్త వాక్యం కాగా, నేటి పాఠశాల వ్యాకరణాల్లో ఎక్కువ భాగం దీన్ని ఒకే కర్తకు రెండు క్రియలున్న సామాన్య వాక్యంగానే చూస్తాయి. 'అండ్' తర్వాత 'హి' చేర్చినప్పుడే రెండు ఉపవాక్యాలు పూర్తవుతాయి, 'అండ్'కు ముందు కామా కూడా అప్పుడే పడుతుంది. కామా నియమంతో పొసగుతుంది కనుక మాధ్యమిక తరగతులకు ఈ రెండవ పద్ధతే అనువైనది.

అరబ్బీ మాతృభాషగా గల పిల్లల ఇబ్బంది వేరు. అరబ్బీ రచనలో 'వ' అనే సముచ్చయంతో ఉపవాక్యాలను వరుసగా కలపడం సహజం కనుక, వారి ఇంగ్లీషు రాతలో 'అండ్' అతిగా రావడం, ఫుల్‌స్టాప్ పడాల్సిన చోట వాక్యం సాగిపోవడం తరచుగా గమనించిన దోషాలు. ఉభయులకూ సమానమైన దోషం క్రియాలోపం: తెలుగులో 'ఆయన డాక్టరు', అరబ్బీలో 'హువ తబీబ్' క్రియ లేకుండానే పూర్తి వాక్యాలు, ఇంగ్లీషులో మాత్రం 'ఈజ్' తప్పనిసరి. కాబట్టి ఏడు సముచ్చయాలను వల్లె వేయించడానికి ముందే, ప్రతి భాగంలోనూ కర్తనూ సమాపక క్రియనూ గుర్తించి, సముచ్చయం తీసేసినా రెండు భాగాలూ విడివిడిగా నిలుస్తాయో లేదో పరీక్షించడం పిల్లలకు అలవాటు చేయాలి.