గోటిపై పండిన ఎరుపు

తెలుగున కాయ పండును, చేను పండును, గోరింటాకు కూడ పండును. చేతిమీది రంగునకు ఈ క్రియను వాడుటలో మన పూర్వులు ఒక సత్యమును నిలిపినారు. పండుట యనగా కాలము చేయు పని. పచ్చని ముద్ద రాత్రియంతయు గోటిపై నుండి, తెల్లవారునప్పటికి నారింజ వన్నె నిచ్చును. మరునాటికి ఆ వన్నె ఎరుపై చిక్కబడును. దానిని త్వరపెట్టుట ఎవరికిని సాధ్యము కాదు. ఇంటిలో పిల్లల గోళ్ళకు రంగు పెట్టు ముచ్చట ఎంత పాతది, అన్యదేశములలో అది ఎట్లు సాగినది, నేటి తల్లిదండ్రులు దానిని క్షేమముగా ఎట్లు నిలుపుకొనవచ్చును అను సంగతులను మేము ఇచట మనవి చేయదలచినాము.

గోరింట అను పేరులోనే గోరు వినబడుచున్నది. సంస్కృతమున దీనిని మదయంతిక యందురు. వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో దీనికి లాసోనియా ఇనర్మిస్ అను నామము నిచ్చెను. ఉత్తరాఫ్రికా మొదలు అరబ్బు దేశముల మీదుగా భారతదేశము వరకు ఎండనేలలన్నిటను ఈ పొద పెరుగును. ఈజిప్టులోని కొన్ని మమ్మీల జుట్టుపైనను, గోళ్ళపైనను గోరింట వన్నె కనబడినట్లు పరిశోధకులు చెప్పినారు. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధనాలయమునకు చెందిన పి. కె. గోడె గారు మెహందీ చరిత్రను గూర్చి ప్రత్యేకముగా ఒక వ్యాసమే వ్రాసియున్నారు. రాజస్థానమున పాలీ జిల్లాలోని సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2024 డిసెంబరులో యునెస్కో సంస్థ 16 అరబ్బు దేశముల గోరింట ఆచారములను మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

మన ఇండ్లలో దీనికి తగిన కాలము ఆషాఢము. తొలకరి వానలకు పొద చిగిర్చును. క్రొత్తపెండ్లికూతురు పుట్టింటికి వచ్చియుండును. అట్లతద్దె ముందునాటి రాత్రియు ఆడపిల్లలకు గోరింటాకు పండుగయే. ఆకును దూసి, కొంచెము చింతపండు చేర్చి రోట వేసి మెత్తగా రుబ్బుదురు. కొందరు కాచు, వక్క కూడ చేర్చుదురు. అరచేతి నడుమ చందమామ, చుట్టును చుక్కలు, ప్రతి వ్రేలి కొనకును ఒక టోపీ - ఇదియే తరతరముల చిత్రరచన. దీనికి కుంచె లేదు. వ్రేలికొనయో చీపురుపుల్లయో చాలును. రెండు చేతులను చాచుకొని, ముక్కు దురద పెట్టినను గోకుకొనలేక, అమ్మచేతనో అమ్మమ్మచేతనో అన్నము ముద్దలు పెట్టించుకొనుట పిల్లలకు ఇందలి సగము ఆనందము.

గోటికి రంగు పెట్టుట గోరింట పెరుగని దేశములందును ఉన్నది. చీనాదేశమున దక్షిణ సుంగ్ వంశపు కాలమువాడు జౌ మి (1232-1298) అను రచయిత. అతడు గోరింటను గాక బాల్సం మొక్కను పేర్కొనెను. ఎఱ్ఱపూల బాల్సం ఆకులను దంచి, కొంచెము పటిక కలిపి, శుభ్రముగ కడిగిన గోళ్ళపై నుంచి, గుడ్డపీలికతో కట్టి రాత్రియంతయు ఉంచవలెనట. తొలిసారి రంగు పలుచగా నుండును. పలుమారులు పెట్టిన పిమ్మట అది చిక్కనగును. కడిగినను పోదు, గోరు పెరిగిన కొలదిని మాత్రమే తొలగును. ఆ కాలపు ముస్లిము స్త్రీలకు ఇది ఎంతో ఇష్టమనియు, పిల్లులకును కుక్కలకును రంగు పెట్టి వినోదించువారును కలరనియు అతడు వ్రాసెను. ఏడు వందల యేండ్ల క్రిందటి ఈ ముచ్చట మన ఇంటి చావడిలో జరిగినట్లే యున్నది.

కొరియాలో ఇది స్పష్టముగా పిల్లల ముచ్చటయే. 1849లో హాంగ్ సాక్-మో రచించిన డొంగుక్ సెసిగి అను గ్రంథము ఆ దేశపు పండుగలను, ఋతువులను నెలనెలా వర్ణించును. ఆడపిల్లలును, చిన్నబిడ్డలును బాల్సమును పటికతో నూరి గోళ్ళకు రంగు పెట్టుకొందురని అందున్నది. ఎరుపు రంగు దుష్టశక్తులను తరుముననునది అచటివారి నమ్మకము. తొలిమంచు కురియు వరకు గోటిపై ఆ ఎరుపు నిలిచినచో తొలివలపు ఫలించునని నేటికిని కొరియా బాలికలు చెప్పుకొందురు. బాగుగ పండిన చేతికి మంచి మగడు వచ్చునని మన పెద్దలు చెప్పు మాట దీనికి అక్కచెల్లెలు వంటిది.

ఇచట మనలను ఆశ్చర్యపరచు విషయ మొకటి కలదు. గోరింటకును బాల్సమునకును చుట్టరికము లేదు; అవి వేర్వేరు కుటుంబముల మొక్కలు. అయినను రెండింటను ఉన్న రంగు పదార్థ మొక్కటియే. దానికి రసాయనజ్ఞులు లాసోన్ అని పేరు పెట్టినారు. గోటికిని, చర్మపు పైపొరకును మూలమైన కెరటిన్ అను మాంసకృత్తుతో అది గట్టిగా కలిసిపోవును. చింతపండులోని పులుపు ఆకునుండి రంగు దిగుటకు తోడ్పడును. ఆకు లేతదనము, చేతి వెచ్చదనము, ముద్ద నిలిచిన గంటలు, చర్మపు మందము - చేయి పండుటకు కారణములు ఇవియే. పలుచగ పండిన పిల్లను చిన్నబుచ్చక, ఈ కారణములను ఆమెకు చెప్పుట మేలు.

చర్మము మీది రంగు రెండు మూడు వారములలో వెలిసిపోవును. పైపొర రాలుచుండుటయే అందులకు హేతువు. గోటిపై నది నెలల తరబడి నిలుచును. గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగును గనుక, మొదటి వారములలోనే ఎరుపు క్రింద సన్నని తెల్లని నెలవంక పుట్టి, క్రమముగ పైకి సాగును. ఆషాఢమున పెట్టిన రంగు దీపావళినాటికి గోటికొనలలో మిగిలియుండుట అందరు ఎరిగినదే. తన శరీరము పెరుగుటను బిడ్డ తన కన్నులతో చూచుటకు ఇంతకంటె సులువైన పాఠము లేదు.

ఇరువదవ శతాబ్దమున గోటిరంగునకు వేగము వచ్చినది. 1920 ప్రాంతమున మోటారుకార్లకు పూయు త్వరగా ఆరు లక్కరులు నైట్రోసెల్యులోజుతో తయారైనవి. గోటికి పూయు పాలిష్‌కు కూడ ఆ పదార్థమే ఆధారమైనది. 1932లో న్యూయార్కున రెవ్లాన్ సంస్థ వెలసి, ఈ వ్యాపారము లోకమంతట ప్రాకినది. పాలిష్ ఆరును గాని పండదు. పెద్దలు గాలి తగులు చోట, నిప్పునకు దూరముగా వాడుకొనినచో దానివలన ముప్పు లేదు. వ్రేళ్ళు నోటిలో పెట్టుకొను పసివారికి మాత్రము అది తగినది కాదు.

అసలు ప్రమాదము నల్ల గోరింట అను పేరుతో వచ్చినది. గోరింట యెన్నటికిని గంటలో నల్లబడదు. అట్లు నల్లబడినచో అందు పారాఫినిలీన్ డయమీన్ అను జుట్టురంగు పదార్థము కలిసియుండవచ్చును. దానివలన కొందరి చర్మము బొబ్బలెక్కి మచ్చపడును. ఒకసారి దానికి సరిపడనివారికి జీవితాంతము ఆ బాధ తప్పకపోవచ్చును, పెద్దయిన పిదప జుట్టుకు రంగు వేసికొన్నను తిరుగబెట్టును. అమెరికాలోను, ఐరోపా సమాఖ్య దేశములలోను దానిని చర్మముపై వాడుటకు అనుమతి లేదు. గంట తొందరపాటునకు బిడ్డ చెల్లించు మూల్య మిది.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఆకు మీ పెరటిదో, తెలిసినవారి పెరటిదో కానిండు. దూయుట, కడుగుట పిల్లలు చేయవచ్చును. రుబ్బుట పెద్దలు చేయవలెను. ముందునాడు మోచేతి లోపలి వైపున చిన్న చుక్క పెట్టి చూడుడు. దురద గాని దద్దురు గాని లేకున్నచో మరునాడు మొదలుపెట్టుడు. గాయముపై పెట్టరాదు, కంటికి, నోటికి తగులనీయరాదు. జి-6-పి-డి అను ఎంజైము లోపముతో పుట్టిన బిడ్డలకు గోరింట వలన రక్తకణములు చితికి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆ లోపమున్న వారికిని, చంటిబిడ్డలకును అసలు పెట్టకుడు. నిద్రలో వ్రేలు చీకు పిల్లలకు పగటిపూట రెండు గంటలు చాలును.

ఇక చిత్రము పిల్లల ఇష్టము. గోటి నడుమ అంటుకొను కాగితపు చుక్క నొకదానిని అతికించి చుట్టును ముద్ద పెట్టినచో, తీసిన పిదప ఎరుపులో తెల్లని చంద్రుడు మిగులును. ఒక గోటికి నిండు టోపీ, ఒకదానికి సగము, ఒకదానికి గీత - పది గోళ్ళకు పది ఊహలు. మగపిల్లవాడు చేయి చాచినను కాదనకుడు.

బజారున కోను కొన్నచో ముగ్గు చక్కగా రావచ్చును. అందేమి కలిసినదో కొన్నవారికి తెలియదు. రోటిలో రుబ్బిన ముద్దలో ఏమున్నదో రుబ్బిన చేతికి తెలియును. అమ్మమ్మ ప్రక్కన కూర్చుండి పండుటకై వేచియున్న ఆ కొన్ని గంటలలోనే కథలు, పాటలు, చుట్టాల ముచ్చట్లు బిడ్డకు అందుచుండును. ఈ ఆషాఢమున ప్రతి ఇంట ఒక రాత్రి అందులకు కేటాయింపబడు గాక.