మహాప్రస్థానం: పదచరిత్ర, శ్మశానవాటిక, ప్రసిద్ధుల స్మృతి

1. ఉపోద్ఘాతం

శ్మశానానికి తెలుగులో కాడు, వల్లకాడు, రుద్రభూమి మొదలైన పేర్లున్నాయి. 2019లో పల్లెప్రగతి ప్రారంభమైన తరువాత బోనకల్ సహా తెలంగాణ గ్రామాలలో ‘వైకుంఠధామం’ అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది. హైదరాబాదు జూబ్లీహిల్స్ ప్రాంతంలోని శ్మశానవాటిక ‘మహాప్రస్థానం’గా ప్రసిద్ధి పొందింది. ఈ పేరు చరిత్రను, అక్కడ అంత్యక్రియలు జరిగిన ప్రసిద్ధుల స్మృతిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదచరిత్ర

మహాభారతంలో 17వ పర్వం మహాప్రస్థానికం. పాండవులు రాజ్యాన్ని విడిచి తిరిగిరాని ప్రయాణానికి బయలుదేరడం అందులోని ఇతివృత్తం. తెలుగులో దానిని తిక్కన రచించాడు. 1934లో శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతంతో ఈ పదానికి ప్రజలు కలిసి ముందుకు సాగే యాత్ర అన్న అర్థాన్నిచ్చాడు. 1950లో అదే పేరుతో కవితాసంపుటి వెలువడింది. శ్మశానవాటికకు పేరైనప్పుడు ఈ పదం మళ్లీ ఇతిహాసార్థాన్నే పొందింది. అయినా సాహిత్య పాఠకునికి రెండర్థాలూ స్ఫురిస్తాయి.

3. అక్కడ అంత్యక్రియలు జరిగిన ప్రసిద్ధులు

‘విశ్వంభర’ కావ్యకర్త, జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణరెడ్డి 2017 జూన్ 12న మరణించారు. ఆయన అంత్యక్రియలు ఇక్కడే అధికార లాంఛనాలతో జరిగాయి. నటుడు నందమూరి హరికృష్ణ (2018), గీతరచయిత సిరివెన్నెల సీతారామశాస్త్రి (2021), నటుడు కృష్ణ (2022) అంత్యక్రియలకూ ఇదే వేదిక. సినారె, సిరివెన్నెల ఇద్దరూ సాహిత్యాన్ని సినిమాపాట ద్వారా సామాన్యుల వద్దకు చేర్చినవారు కావడం గమనార్హం.

4. దహనం, ఖననం: స్మృతి ఆధారాలు

దహనానంతరం అస్థికలు నిమజ్జనమవుతాయి. ప్రత్యేకంగా నిర్మిస్తే తప్ప సమాధి ఉండదు. 1884లో మరణించిన సి.పి. బ్రౌన్ సమాధి లండన్ కెన్సల్ గ్రీన్‌లో నేటికీ తెలుగువారికి దర్శనీయస్థలం. 2023లో మరణించిన గద్దర్‌ను అల్వాల్‌లో తాను స్థాపించిన మహాబోధి పాఠశాల ఆవరణలో ఖననం చేశారు. ఆ సమాధి ఆయన జీవితకార్యంలో ఒక భాగాన్ని నేలమీద నిలిపింది. దహనమైన కవుల విషయంలో శ్మశానవాటిక నమోదు పుస్తకాలు, నాటి పత్రికలే ఆధారాలు. వాటిని భద్రపరచడం సాహిత్యచరిత్రకు అవసరం.

5. ముగింపు

జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు మరణం ముందు అందరూ సమానమేనని చాటాయి. హరిశ్చంద్ర నాటక ప్రదర్శనల ద్వారా అవి పల్లెపల్లెకూ చేరాయి. కాని అనేక పల్లెలలో కులానికొక కాడు ఉండేది. కొత్త పేరు ఆ చరిత్రను చెరిపివేయలేదు. ప్రసిద్ధుల అంత్యక్రియలను పత్రికలు నమోదు చేస్తాయి. గ్రామాలలోని పాత కాడుల పేర్లు, కాటికాపరుల అనుభవాలు మాత్రం పెద్దల నోటనే నిలిచి ఉన్నాయి. బోనకల్ వంటి ప్రాంతాలలో వాటిని సేకరించడం పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని.