జామియాను నిలబెట్టిన చిల్లర చందాలు

మన సమాజంలో విద్యను గురించి మాట్లాడేటప్పుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి పేరు ముందుగా తలచుకోవడం ఆనవాయితీ. అది న్యాయమే. 1875లో అలీగఢ్‌లో ఆయన బడి తెరిచారు. 1877లో కాలేజీకి పునాదిరాయి పడింది. అందుకోసం ఆయన ఊరూరా తిరిగి చందాలు పోగుచేసారు. పెద్దమనిషి నాటకాల స్టేజీ ఎక్కడమేమిటని నలుగురూ నవ్వినా లెక్కచేయక, కాలేజీ కోసం స్టేజీ కూడా ఎక్కారు. 1890లో అక్కడి విద్యార్థులే బీద తోటివారి చదువు కోసం 'అంజుమన్ అల్ ఫర్జ్' అనే సంఘం పెట్టుకున్నారు. ఫర్జ్ అంటే విధి. తోటివాడి ఫీజు తమ విధి అని ఆ కుర్రవాళ్ళు అనుకున్నారన్నమాట.

అయితే ఈ సంచికలో మేము అలీగఢ్ కథ చెప్పబోవడం లేదు. అలీగఢ్‌లోనే పుట్టి, ఢిల్లీలో పెరిగి, రెండు మూడుసార్లు మూతపడబోయి బతికి బట్టకట్టిన మరో సంస్థ కథ చెప్పదలచుకున్నాము. అదే జామియా మిల్లియా ఇస్లామియా. ఇవాళ అది కేంద్రీయ విశ్వవిద్యాలయం. వందేళ్ళ కిందట మాత్రం టీచర్లకి జీతాలివ్వలేని ఒక పేద బడి. అది ఎలా నిలిచిందన్నది మన సొసైటీ సభ్యులందరూ తెలుసుకోదగ్గ సంగతి.

సహాయనిరాకరణ, ఖిలాఫత్ ఉద్యమాల రోజులవి. సర్కారు సొమ్ముతో నడిచే చదువు మాకొద్దని అలీగఢ్ కాలేజీ నుంచి కొందరు విద్యార్థులు, టీచర్లు బయటికి వచ్చేసారు. 1920 అక్టోబరు 29న మౌలానా మహమూద్ హసన్ గారి చేతుల మీదుగా జామియా ప్రారంభమయింది. మౌలానా మహమ్మద్ అలీ, హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ వంటి దేశనాయకులు దానికి అండగా నిలిచారు. ఖర్చు ఖిలాఫత్ కమిటీ భరించేది.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. 1922లో సహాయనిరాకరణ ఆగిపోయింది. 1924లో తుర్కీ ప్రభుత్వమే ఖిలాఫత్‌ను రద్దుచేసింది. ఉద్యమం చల్లబడేసరికి చందాలూ చల్లబడ్డాయి. ఉద్యమం కోసం పుట్టిన బడికి ఉద్యమం పోయాక దిక్కెవరు? మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. గాంధీజీ, అజ్మల్ ఖాన్ గారు వద్దన్నారు. 1925లో జామియాను ఢిల్లీకి, కరోల్‌బాగ్‌కు మార్చారు. ఖర్చులకి అజ్మల్ ఖాన్ గారే పూనుకున్నారు.

అప్పుడు జర్మనీలో ఒక యువకుడు పై చదువు చదువుతున్నాడు. ఆయనే జాకిర్ హుసేన్. తర్వాతి కాలంలో, 1967లో, మన రాష్ట్రపతి అయిన మహనీయుడు. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే, 1897లో. తండ్రి అక్కడ వకీలు. పదేళ్ళ ప్రాయంలో తండ్రి పోయారు, 1911లో ప్లేగు వచ్చి తల్లి పోయింది. ఆ పిల్లవాడిని చదివించి మనిషిని చేసింది ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు. అది కూడా చందాలతో నడిచిన బడే. సమాజం పెట్టిన అన్నం తిని చదువుకున్నవాడికి ఆ రుణం గుర్తుంటుంది. జామియా మూతపడబోతోందని తెలిసి, తానూ తన మిత్రులూ దానికే జీవితాలిస్తామని కబురు పంపారు. 1926లో ఆబిద్ హుసేన్, ముజీబ్ గార్లతో కలిసి తిరిగొచ్చి బడి పగ్గాలు పట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు 29 ఏళ్ళు.

వచ్చి రెండేళ్ళు నిండకుండానే పిడుగు పడింది. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ గారు కాలం చేసారు. ఒక్క పెద్దమనిషి పలుకుబడి మీద ఆధారపడ్డ సంస్థ, ఆయన పోవడంతో ఒక్కసారిగా అనాథ అయింది. దాతలు మంచివారే కావచ్చు. కాని ఒకే దూలం మీద కట్టిన ఇల్లు ఆ దూలం విరిగితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే.

అప్పుడు రెండు పనులు జరిగాయి. మొదటిది టీచర్లు చేసిన పని. 1928లో వాళ్ళంతా ఒక సంఘంగా ఏర్పడి, ఇరవై ఏళ్ళపాటు జామియాను విడిచిపోమనీ, నెలకి 150 రూపాయలకి మించి జీతం అడగమనీ ప్రతిజ్ఞ చేసారు. విదేశాల్లో పెద్ద చదువులు చదివినవారికి బయట అంతకు ఎన్నో రెట్లు దొరికే రోజులవి. ఆ ఒప్పుకున్న జీతమైనా నెలనెలా చేతికి అందేది కాదు. జాకిర్ హుసేన్ గారు తన జీతం తానే తగ్గించుకున్నారు.

రెండవది జనం చేసిన పని. 'హమ్‌దర్దానె జామియా' అని, అంటే జామియా హితైషులు అని, ఒక సంఘం ఏర్పడింది. దీనికి షఫీకుర్ రహ్మాన్ కిద్వాయ్ గారు ఎంతో పాటుపడ్డారు. దీని సూత్రం చాలా సులువు. నవాబు గారి దగ్గర వేల రూపాయలకి చేయి చాచేకంటే, మామూలు మనుషుల దగ్గర చిన్న మొత్తాలు క్రమం తప్పకుండా తీసుకుందాం అన్నదే ఆ సూత్రం. ఇచ్చేవాడు కొంచెమే ఇస్తాడు, కాని బడి గురించి అడుగుతాడు. మన బడి ఎలా ఉందని ఆరా తీస్తాడు. ఒక దాత తప్పుకున్నా బడి ఆగదు. పెద్ద చందా కట్టడాన్ని లేపుతుంది. చిన్న చందా బంధుత్వాన్ని కలుపుతుంది.

ఈ బంధుత్వం డబ్బు దగ్గరే ఆగిపోలేదు. జామియా ప్రైమరీ స్కూల్లో పిల్లలే ఒక బ్యాంకు నడిపేవారు, ఒక దుకాణం నడిపేవారు. లెక్కలూ, నిజాయితీ రెండూ అక్కడే నేర్చుకునేవారు. 1933లో గెర్డా ఫిలిప్స్‌బార్న్ అనే జర్మన్ యూదు మహిళ వచ్చి చిన్నపిల్లల పనిలో చేరారు. పిల్లలు ఆమెను 'ఆపాజాన్' అనేవారు. 1943లో ఆమె కన్నుమూస్తే జామియా ఖబరస్తాన్‌లోనే ఖననం చేసారు. మతం వేరు, దేశం వేరు, భాష వేరు. అయినా మన పిల్లల చదువుకి ఆమె సొంత అక్కయ్యింది.

1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఏ మంత్రినో, నవాబునో పిలవలేదు. బడిలోని అందరికంటే చిన్న విద్యార్థి చేత రాయి వేయించారు. ఈ ఇల్లు ఎవరిదో ఆ ఒక్క పనితో చెప్పినట్లయింది. 1938లో వయోజనుల చదువు కోసం 'ఇదారయె తాలీమొ తరఖ్ఖీ' మొదలైంది. పిల్లవాడు పగలు చదివి ఇంటికొస్తే, పుస్తకంలో ఏముందో అడిగే తండ్రి ఇంట్లో ఉండాలి కదా! తండ్రికి అక్షరం వస్తే బిడ్డ చదువు సగం నిలబడ్డట్టే.

1946 నవంబరులో రజతోత్సవం జరిగింది. దేశమంతా మతకలహాలతో మండుతున్న వేళ, నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ గార్లు ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఒకరితో ఒకరు పడనివారిని ఒకచోట కూర్చోబెట్టగలిగింది ఒక బడి! ఆ మంటలు ఆర్పండని జాకిర్ హుసేన్ గారు వాళ్ళని వేడుకున్నారు. ఆరలేదు. మరుసటి ఏడు సెప్టెంబరులో కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాల సంస్థ అగ్నికి ఆహుతయింది. అయినా బడి నిలిచింది. 1962లో విశ్వవిద్యాలయ హోదా, 1988లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించాయి.

మన తెలుగునాట కూడా ఇటువంటి కృషికి కొదువ లేదు. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు స్థాపించిన ఉస్మానియా కాలేజీలో రాయలసీమ బిడ్డలు మతభేదం లేకుండా చదువుకున్నారు.

ఈ చరిత్ర మనకేం చెబుతోంది? స్కాలర్‌షిప్పు ఇచ్చి, నోటుపుస్తకాలు పంచి, ఫోటో దిగితే పని సగమే అయినట్టు. పదో తరగతి తప్పిన కుర్రవాడు మెకానిక్ షెడ్డుకి పోతున్నాడా, మళ్ళీ పరీక్షకి కూర్చుంటున్నాడా అని అడిగే మనిషి మొహల్లాకి ఒక్కరైనా ఉండాలి. కాలేజీ దూరమని ఆడపిల్లని ఇంట్లో ఉంచేస్తే, నలుగురు తల్లులు కలిసి నలుగురు పిల్లల్ని ఒకే ఆటోలో పంపే ఏర్పాటు చేసుకోవచ్చు. టీచర్లు కబురుపెట్టిన రోజున ఒక పూట కూలి పోయినా తండ్రి బడికి వెళ్ళాలి. ఇక డబ్బంటారా, నెలకి 50 రూపాయల చొప్పున 200 కుటుంబాలు ఇస్తే ఏడాదికి లక్షా ఇరవై వేలు. ఏ ఒక్క దాత ముందూ చేయి చాచనక్కరలేదు.

జామియా టీచర్లు ఇరవై ఏళ్ళకి మాట ఇచ్చారు. మనం అంత అడగడం లేదు. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క విద్యార్థిని, ఆ చదువు పూర్తయ్యేదాకా, తమ బిడ్డగా చూసుకుంటామని మాట ఇస్తే చాలు. ఆ మాట ఇవ్వదలచుకున్న సోదర సోదరీమణులు తమ పేర్లు సొసైటీ కార్యదర్శి గారి దగ్గర రాయించవలసిందిగా కోరుతున్నాము.