ఇత్తెఫాక్‌కూ ఒక హిసాబ్ ఉంది

ఇంట్లో వెంటవెంటనే రెండు మూడు ముసీబత్‌లు వచ్చిపడితే మనం ఊరుకోం. ఎవరి నజర్ తగిలిందో అని వెతుకుతాం. కొత్తగా వచ్చిన బహూ అడుగు మన్‌హూస్ అని ఇల్జామ్ వేసేవాళ్లూ ఉన్నారు. ఒక్క హాదసా అయితే ఇత్తెఫాక్ అంటాం. మూడైతే మాత్రం ఎవరో ఒకరు గునహ్‌గార్ కావాల్సిందే! మరి ఇత్తెఫాక్‌లు గుంపుగా రావా? వస్తే ఎంత తరచుగా వస్తాయి?

ఈ సవాల్‌కు జవాబిచ్చే సూత్రం ఇన్సాఫ్ గురించి రాసిన ఒక కితాబ్‌లో ఉంది. న్యాయస్థానాల తీర్పులు ఎంతవరకు నమ్మదగినవో లెక్కగట్టడానికి ఫ్రెంచి గణితవేత్త సిమియోన్ డెనీ పాయిజాన్ 1837లో దాన్ని ప్రచురించాడు. మన పిల్లలు ఇంటర్‌లో చదివే పాయిజాన్ విభాజనం ఆయన పేరు మీదే. సంఘటన జరిగే అవకాశాలు వేలల్లో ఉండి, ఒక్కో అవకాశంలో అది జరగడం చాలా అరుదై, ఒకదానితో మరొకదానికి తాల్లుక్ లేకపోతే చాలు. సగటు ఒక్కటి తెలిస్తే, అది ఒక్కసారీ జరగని ఏళ్లెన్ని, ఒకసారి జరిగేవెన్ని, రెండుసార్లు జరిగేవెన్ని అన్నీ అంచనా వేయొచ్చు.

దీనికి మషూర్ మిసాల్ 1898లో వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన లాడిస్లాస్ బోర్ట్‌కెవిచ్ ప్రష్యా ఫౌజు రికార్డులు తిరగేశాడు. గుర్రం తన్ని చనిపోయిన సిపాయిల లెక్క అది. 10 దళాలు, 1875 నుంచి 1894 దాకా 20 ఏళ్లు. అంటే దళానికి ఏడాదికొకటి చొప్పున 200 లెక్కలు. మొత్తం మౌత్‌లు 122, సగటు 0.61.

ఒక్క మౌత్ కూడా లేని లెక్కలు 109 ఉండాలంది సూత్రం. రికార్డుల్లో సరిగ్గా 109 ఉన్నాయి. ఒక్క మౌత్ ఉన్నవి 66 అంది, 65 ఉన్నాయి. రెండు ఉన్నవి 20 అంది, 22 ఉన్నాయి. మూడు ఉన్నవి 4 అంది, 3 ఉన్నాయి. ఒకే ఏడాదిలో నలుగురు పోయిన దళం ఒకటుంది. ఆ దళం అఫ్సర్ మీద ఎంత షక్ వచ్చి ఉండేది! కానీ 200 లెక్కల్లో అలాంటిది ఒకటి రావడం మామూలేనంటుంది సూత్రం. అందులో అఫ్సర్ కసూర్ వెతకాల్సిన పనిలేదు.

1944లో లండన్ మీద జర్మనీ ఎగిరే బాంబులు కురిపించింది. కొన్ని మొహల్లాల మీదే గురిపెడుతున్నారని జనం అనుకున్నారు. ఆర్.డి. క్లార్క్ అనే బీమా లెక్కల నిపుణుడు 1946లో దాన్ని పరీక్షించాడు. దక్షిణ లండన్‌ను 576 సమాన గడులుగా విభజించాడు. పడ్డ బాంబులు 537. ఒక్కటీ పడని గడులు 229, సూత్రం చెప్పింది 227. నాలుగు పడ్డ గడులు 7, సూత్రం చెప్పిందీ 7. ఆ గడుల్లో వేటినీ ఎంచుకుని కొట్టినట్టు లెక్కలో కనబడలేదు.

అలాగని ఈ హిసాబ్ అందరినీ బేకసూర్ అనదు. సగటున ఏడాదికి ఒక ప్రమాదం జరిగే రోడ్డు మలుపులు వంద ఉన్నాయనుకోండి. ఊరికే ఇత్తెఫాక్ వల్లనే ఎనిమిది మలుపుల్లో ఒకే ఏడాది మూడో అంతకంటే ఎక్కువో ప్రమాదాలు జరగొచ్చు. కానీ ఒక మలుపులో ఆరు జరిగితే? ఆరు, ఆపైన అన్నది పదివేల మలుపుల్లో ఆరింటికే వచ్చే మాట. అప్పుడు తహ్కీక్ జరగాల్సిందే. దీపం లేదా, గుంత పడిందా, అడ్డంగా గోడ కట్టారా అని చూడాలి.

ముందు లెక్క, తర్వాత తహ్కీక్, ఇల్జామ్ అన్నిటికంటే ఆఖర్న. మన ఇళ్లల్లో ఈ వరస తలకిందులైనప్పుడల్లా శిక్ష పడేది బేకసూర్‌లకే.