ఇరవై నాలుగు చుక్కల్లో అమ్మ పేరు

ఫోనులో తెలుగు టకటకా కొట్టేసేవాళ్ళకి నేను చెప్పబోయేది కాశీమజిలీ కథలా ఉంటుంది. ఒక్క 'క్ష్మి' కోసం రెండు వారాలు నిద్ర మానుకున్నానంటే నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు.

1984లో మేము ఒహాయోలో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి ఆరేళ్ళు. తెలుగు అర్థమయ్యేది కాని అక్షరమ్ముక్క రాదు. తెనాలి దగ్గర మా ఊరినుంచి నాయనమ్మ రాసే ఉత్తరాలు నేనే చదివి వినిపించాలి. దానికి అక్షరాలు నేర్పే ప్రోగ్రాము రాద్దామని ఆ శీతాకాలం కామొడోర్ 64 కొన్నాను.

ఆ కంపెనీ పెట్టిన జాక్ ట్రమీల్ కూడా మనలాగే వలస వచ్చినవాడే. పోలండులో పుట్టి, ఆష్విట్జ్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడి, 1947లో అమెరికా చేరాడు. టైపురైటర్ల మరమ్మత్తుతో వ్యాపారం మొదలెట్టాడు. 1976లో చిప్పులు తయారుచేసే మాస్ టెక్నాలజీని కొనేశాడు. చిప్పులు సొంతవి కాబట్టే 1982లో 64 కిలోబైట్ల యంత్రాన్ని 595 డాలర్లకి అమ్మగలిగాడు. మరుసటి ఏడాదికే ధర సగానికి పైగా పడిపోయింది. నాలాంటివాడు కొనగలిగింది అందుకే.

కొన్నాక తెలిసింది అసలు సంగతి. టీవీకి తగిలించి ఆన్ చేస్తే బేసిక్‌కి 38,911 బైట్లు ఖాళీ అని చెప్పేది. ఆ బేసిక్‌లో బొమ్మకీ పాటకీ ఆజ్ఞలే లేవు. ఏ గదిలో ఏ అంకె వెయ్యాలో మనమే గుర్తుపెట్టుకుని 'పోక్' అని వెయ్యాలి. అది కూడా నత్తనడక. చివరికి అసెంబ్లీ భాష నేర్చుకోక తప్పలేదు. ప్రాసెసరుకి గుణకారం కూడా రాదు, కూడికలతోనే సరిపెట్టుకోవాలి.

అక్షరానికి యంత్రం ఇచ్చిన చోటు ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఇంగ్లీషు అక్షరం అందులో హాయిగా పడుకుంటుంది. మన అక్షరానికి పైన తలకట్టు, కింద ఒత్తు! పైగా ఒక విడతకి 256 అక్షరాలే. 36 హల్లుల గుణింతాలే, ఒత్తులు కాకుండా, నాలుగు వందలు దాటిపోతాయి.

అప్పుడు ఆటల్లో విమానాలు ఎగరెయ్యడానికి పెట్టిన స్ప్రైట్ల మీద కన్నుపడింది. ఒక్కోటి 24 చుక్కల వెడల్పు, 21 చుక్కల ఎత్తు. గ్రాఫు కాయితం మీద గళ్ళు నింపుతూ 'అ' గీశాను. తెర మీద గుండ్రంగా కనిపిస్తే కళ్ళు చెమర్చాయి.

కాని స్ప్రైట్లు ఎనిమిదే. రెండో వరుస కావాలంటే, మొదటి వరుస గీయడం అవగానే అవే ఎనిమిదింటిని కిందకి దించాలి. తెర మీద ఒక గీత గీసేలోగా ప్రాసెసరుకి దొరికేది 65 టిక్కులు. ఒక్కో ఆజ్ఞ రెండు నుంచి ఏడు టిక్కులు తింటుంది. ప్రతి ఎనిమిదో గీత దగ్గర వీడియో చిప్పు నలభై టిక్కులు తనే లాగేసుకుంటుంది. పెన్సిలుతో లెక్కపెట్టుకుంటూ రాశాను. లెక్క కాస్త తప్పితే వరుస వణికేది.

"నాన్నా, అక్షరాలకి చలేస్తోందా?" అంది మా అమ్మాయి.

తరవాత నాయనమ్మ పేరు రాయమంది. రాజ్యలక్ష్మి. 'రా', 'జ్య', 'ల' కుదిరాయి. 'క్ష్మి' మాత్రం 21 చుక్కల ఎత్తులో ఇమడదు. మకారం ఒత్తుని విడిగా ఇంకో స్ప్రైటులో గీసి కింద అతికించాను. ఎనిమిదిలో అయిదు అమ్మ పేరుకే పోయాయి. టీవీ తెరని ఫొటో తీసి ఊరికి పంపాం.

నెల తరవాత జవాబొచ్చింది. "ఫొటో అందరికీ చూపించాను. ఒత్తు పక్కకి జరిగింది. పిల్లకి నేర్పేటప్పుడు సరిగ్గా నేర్పు."

ఒక అంకె మార్చి ఆ ఒత్తుని మూడు చుక్కలు ఎడమకి జరిపాను.

1991లో యూనికోడ్‌లో తెలుగు చేరింది. 1994లో కామొడోర్ దివాలా తీసింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఇప్పుడు 'క్ష్మి' రాయడానికి ఎవరూ టిక్కులు లెక్కపెట్టక్కర్లేదు. నా ఫ్లాపీ ఎప్పుడో పాడైపోయింది. అమ్మ కూడా లేదు. గ్రాఫు కాయితాల పుస్తకం మాత్రం మా అమ్మాయి దగ్గర భద్రంగా ఉంది. చివరి పేజీలో నాయనమ్మ ఉత్తరం అంటించుకుంది. ఇప్పుడు తనే చదువుకుంటుంది.