టికెట్ ట్రే నుంచి టిమ్ దాకా: ఆర్టీసీలో సమాచార సాంకేతికత చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• కంప్యూటర్లు రాకముందు ఆర్టీసీ తన ఆదాయాన్ని ఎలా లెక్కించుకునేదో వివరించగలుగుతారు.
• టికెట్ యంత్రం, రిజర్వేషన్ వ్యవస్థ, బస్సు జాడ తెలిపే యాప్, ఈ మూడింటి ప్రయోజనాలలోని తేడాను గుర్తించగలుగుతారు.
• బస్సు టికెట్‌ను చారిత్రక ఆధారంగా పరిశీలించి, అది చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

ఆర్టీసీలోకి సమాచార సాంకేతికత ఎప్పుడు వచ్చింది? ఈ ప్రశ్నకు చాలామంది విద్యార్థులు కంప్యూటర్లు వచ్చిన సంవత్సరం చెప్పబోతారు. ఆ జవాబు సరిపోదు. వేలాది బస్సులు, వందలాది డిపోలు ఉన్న సంస్థ రోజూ లెక్క చూసుకోకుండా ఒక్క నెల కూడా నడవదు. కంప్యూటర్లకు ముందే అక్కడ పకడ్బందీ అయిన సమాచార వ్యవస్థ ఉండేది. అది కాగితం మీద నడిచేది. తరువాత వచ్చిన ప్రతి ప్రాజెక్టూ ఆ కాగితపు వ్యవస్థలో ఏదో ఒక భాగాన్ని తీసుకుని దాని రూపాన్ని మార్చింది.

కాబట్టి ఈ పాఠంలో మనం యంత్రాల జాబితా చదవడం లేదు. ప్రతి దశలోనూ మూడు ప్రశ్నలు వేసుకుంటాం. లెక్క ఎవరు రాస్తున్నారు? ఎవరు చదువుతున్నారు? లెక్క తప్పితే జవాబు చెప్పవలసింది ఎవరు?

2. కాగితపు వ్యవస్థ

మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సుల చరిత్ర 1932లో మొదలయింది. ఆ సంవత్సరం జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో ప్రారంభమయింది. 1951లో అది హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వంలో కలిసింది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1999లో ప్రపంచంలో అత్యధిక బస్సులు గల సంస్థగా గిన్నిస్ గుర్తింపు పొందేనాటికి దాని బస్సుల సంఖ్య 18 వేలు దాటింది.

ఇంత పెద్ద సంస్థకు ఆదాయం ఒకచోట రాదు. నడుస్తున్న బస్సులో, కండక్టరు చేతిలోకి, చిల్లరగా వస్తుంది. దాన్ని లెక్కించే పద్ధతి చూడండి. కండక్టరు డ్యూటీకి వెళ్లేటప్పుడు డిపోలో టికెట్ ట్రే తీసుకుంటాడు. అందులో ఒక్కో ధరకు ఒక్కో టికెట్ల కట్ట ఉంటుంది. ప్రతి టికెట్ మీద వరుస సంఖ్య ఉంటుంది. ఒక కట్ట 412తో మొదలై, దారిలో ఒకచోట తరువాతి టికెట్ 437 అయితే, ఆ ధరకు 25 టికెట్లు అమ్ముడైనట్టు. అన్ని కట్టల లెక్క కలిపితే సంచిలో ఉండవలసిన డబ్బు తేలుతుంది. స్టేజీ దాటేటప్పుడల్లా కండక్టరు ఈ సంఖ్యలను ఎస్.ఆర్. అనే పత్రంలో రాయాలి. దీన్నే ఉద్యోగుల భాషలో 'క్లోజ్ చేయడం' అంటారు.

దీనికి తోడు 'ఇష్యూ అండ్ స్టార్ట్' అనే నియమం ఉండేది. ఎక్కిన వారందరికీ టికెట్లు కొట్టిన తరువాతే బస్సు కదలాలి. దారిలో ఎక్కడైనా తనిఖీ సిబ్బంది బస్సు ఆపి ప్రయాణికులను, టికెట్లను, ఎస్.ఆర్.ను, సంచిలోని డబ్బును పోల్చి చూసేవారు.

ఈ పద్ధతిలో కంప్యూటర్ లేదు కానీ దత్తాంశం ఉంది, సరిచూసే సూత్రం ఉంది, తనిఖీ ఉంది. లోపాలూ ఉన్నాయి. కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొడుతూ ప్రతి స్టేజీలో అంకెలు రాయడం కష్టం. ఎంతమంది ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో ఎస్.ఆర్. నుంచి నేరుగా తెలియదు. డిపోలో గుమాస్తాలు చేతితో కూడిన లెక్కలు పై కార్యాలయానికి చేరేసరికి రోజులు గడిచేవి.

3. లెక్క తప్పితే ఏమవుతుంది?

ఎస్.ఆర్.లో ఒక గడి ఖాళీగా ఉంటే దాని ఫలితం ఉద్యోగం దాకా వెళ్లేది. దేశంలోని లేబర్ కోర్టులు, హైకోర్టుల ముందుకు వచ్చిన రవాణా సంస్థల కేసులలో కండక్టర్ల కేసులు పెద్ద భాగం. వాటిలో రెండు సుప్రీంకోర్టు తీర్పులను మీరు గుర్తుంచుకోవాలి.

1977లో హర్యానా రవాణా సంస్థ కండక్టరు కేసు వచ్చింది. డబ్బు ఇచ్చిన ప్రయాణికులకు టికెట్లు ఇవ్వలేదన్నది ఆరోపణ. ఆ ప్రయాణికులను విచారణకు పిలవలేదన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టంలోని కఠిన నియమాలు వర్తించవని, కొంత ఆధారం ఉంటే చాలని చెప్పింది. 2001లో కర్ణాటక కండక్టరు కేసులో, శిక్ష తగ్గించడం సరికాదని, కండక్టరుది నమ్మకంతో కూడిన ఉద్యోగమని పేర్కొంది.

ఈ తీర్పుల నుంచి చరిత్ర విద్యార్థి గ్రహించవలసిన విషయం ఒకటుంది. కాగితపు వ్యవస్థలో లెక్క రాసేదీ కండక్టరే, ఆ లెక్క వల్ల ఇరుక్కునేదీ కండక్టరే. నిజంగా డబ్బు దాచుకున్న వ్యక్తి, రద్దీలో అంకె వేయలేకపోయిన వ్యక్తి, ఇద్దరూ ఒకే ఖాళీ గడి దగ్గర దొరుకుతారు. ఆ ఇద్దరినీ వేరుచేసి చూపే శక్తి కాగితానికి తక్కువ.

4. టిమ్ రాక

టికెట్ ఇష్యూయింగ్ మెషీన్‌ను ఉద్యోగులు, ప్రయాణికులు కూడా టిమ్ అంటారు. చేతిలో ఇమిడే ఈ యంత్రంలో ఆ సర్వీసు స్టేజీలు, ఛార్జీలు ముందుగానే నింపి ఉంటాయి. ఎక్కిన చోటు, దిగే చోటు, మనుషుల సంఖ్య నొక్కితే టికెట్ అచ్చవుతుంది. డ్యూటీ ముగిశాక యంత్రంలోని వివరాలు డిపో కంప్యూటర్‌లోకి చేరతాయి.

మార్పులను వరుసగా చూద్దాం. ధర వారీ టికెట్ల కట్టలు పోయాయి. స్టేజీ స్టేజీకి అంకెలు చేతితో రాసే భారం తగ్గింది. ఏ సమయంలో ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి టికెట్లు తెగుతున్నాయో సంస్థకు తెలిసింది. ఏ ఊరికి బస్సు పెంచాలి, ఏ ట్రిప్పు తగ్గించాలి అన్న నిర్ణయానికి ఇది పనికివచ్చే సమాచారం.

కొన్ని మారలేదు. చిల్లర లేక టికెట్ వెనుక బాకీ రాసి ఇవ్వడం టిమ్ వచ్చాక కూడా కొనసాగింది. ఇటీవల ఫోన్‌తో చెల్లించే సౌకర్యమున్న యంత్రాలు రావడంతో ఆ అలవాటు తగ్గుముఖం పట్టింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. యంత్రం ఇచ్చిన టికెట్‌ను నమోదు చేస్తుంది, ఇవ్వని టికెట్‌ను నమోదు చేయలేదు. అందుకే టిమ్ వచ్చాక కూడా తనిఖీ సిబ్బంది అవసరం తీరలేదు.

శ్రమ విషయం కూడా చూడాలి. టికెట్ ఇవ్వడం సులువయ్యాక, కొన్ని సర్వీసులలో డ్రైవరే టిమ్ పట్టుకుని టికెట్లు ఇచ్చే పద్ధతి వచ్చింది. వారిని టిమ్ డ్రైవర్లు అన్నారు. సంస్థ దీన్ని ఖర్చు తగ్గింపుగా చూసింది. బస్సు నడిపే మనిషి మీద రెండో పని మోపడం భద్రతకు మంచిది కాదని కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఒకే యంత్రం ఒకరికి భారం తగ్గించి మరొకరికి పెంచింది. సాంకేతికత చరిత్ర రాసేటప్పుడు ఈ రెండు వైపులనూ నమోదు చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
అ) 'ఇష్యూ అండ్ స్టార్ట్' నియమం అంటే ఏమిటి?
ఆ) టిమ్ వచ్చాక కూడా తనిఖీలు ఎందుకు కొనసాగాయి?

5. రిజర్వేషన్, బస్సు జాడ

రిజర్వేషన్ కంప్యూటరీకరణలో రైల్వేలు ముందు నడిచాయి. తమ కంప్యూటర్ పనులన్నిటి కోసం 1986లో క్రిస్ అనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. ఆర్టీసీలో చాలాకాలం బస్‌స్టేషన్ కౌంటరులోని చార్టే ఆధారం. దారిలోని ప్రతి పెద్ద స్టేషన్‌కూ కొన్ని సీట్లు కోటాగా ఉండేవి. ఒకచోట సీట్లు మిగిలినా మరోచోట ఉన్నవారికి ఆ సంగతి తెలిసేది కాదు. ఆన్‌లైన్ రిజర్వేషన్ ఈ విడివిడి చార్టులను ఒకటి చేసింది.

అయితే దీని పరిధిని ఎక్కువగా అంచనా వేయకండి. రోడ్డు మీద చెయ్యెత్తి పల్లెవెలుగు ఎక్కే ప్రయాణికుడికి రిజర్వేషన్‌తో పని లేదు. ఆర్టీసీ ప్రయాణికులలో ఎక్కువమంది అటువంటివారే. సంస్థ చరిత్రలో టిమ్‌కు ఉన్నంత విస్తృతి రిజర్వేషన్ వ్యవస్థకు లేకపోవడానికి కారణం ఇదే.

2023 ఆగస్టులో తెలంగాణ సంస్థ 'గమ్యం' యాప్‌ను విడుదల చేసింది. బస్సు ఎక్కడుందో ప్రయాణికుడికి చూపడం దాని పని. ఇక్కడొక మలుపు గమనించండి. ఎస్.ఆర్. అయినా టిమ్ అయినా సమాచారం కింది నుంచి పైకి, అంటే బస్సు నుంచి డిపోకి, డిపో నుంచి ప్రధాన కార్యాలయానికి వెళ్లేది. జాడ తెలిపే యాప్‌లో అదే సమాచారం బస్సు కోసం ఎదురుచూసే మనిషికి చేరుతోంది.

6. వ్యవస్థకు రెండు పరీక్షలు

2014లో రాష్ట్రం విడిపోయింది. 2016లో తెలంగాణకు ప్రత్యేక రవాణా సంస్థ ఏర్పడింది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో భాగమయ్యారు. ఈ కాలంలో జరిగిన రెండు సంఘటనలు టికెట్ యంత్రం విలువను, పరిమితిని స్పష్టంగా చూపాయి.

మొదటిది 2019 అక్టోబరు 5న తెలంగాణలో మొదలైన సమ్మె. దాదాపు 48 వేల మంది ఉద్యోగులు విధులకు దూరమయ్యారు. తాత్కాలిక సిబ్బందితో బస్సులు నడిపారు. తొలి రోజుల్లో చాలాచోట్ల టికెట్లే ఇవ్వలేదు. ఎక్కువ డబ్బు వసూలు చేస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. యంత్రాలు డిపోలలోనే ఉన్నాయి, వాటిని నడిపే అలవాటు, బాధ్యత ఉన్న మనుషులు లేరు. సమాచార వ్యవస్థ అంటే యంత్రం, మనిషి, నియమం మూడూ కలిసినదని ఈ సంఘటన చెబుతుంది.

రెండోది ఉచిత ప్రయాణం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయింది. కొద్ది రోజులకే వారికి టిమ్ ద్వారా 'జీరో టికెట్' ఇవ్వసాగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం ఇదే దారిలో వచ్చింది.

డబ్బు తీసుకోనప్పుడు టికెట్ ఎందుకు? ప్రయాణం ఉచితమైనా ఖర్చు ఉచితం కాదు. ఆ ఖర్చును ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. ఎంత చెల్లించాలో తేల్చడానికి ఆధారం జీరో టికెట్. ఒకప్పుడు టికెట్ సంస్థ ఎదుట కండక్టరు చెప్పుకునే లెక్క. ఇప్పుడదే టికెట్ ప్రభుత్వం ఎదుట సంస్థ చెప్పుకునే లెక్క కూడా అయింది. టికెట్ తీసుకోకుండా దిగిపోయిన మహిళ ప్రయాణం ఆ లెక్కలోకి రాదు.

ఈ మార్పుకు చారిత్రక ప్రాధాన్యం ఉంది. పాత టికెట్లు ఫుల్, హాఫ్ తేడా చూపేవి కానీ ప్రయాణించింది స్త్రీయో పురుషుడో చెప్పేవి కావు. కూలికి, కాలేజీకి, ఆసుపత్రికి దశాబ్దాలుగా బస్సులో తిరిగిన మహిళలు సంస్థ లెక్కలలో విడిగా కనిపించలేదు. జీరో టికెట్‌తో వారి ప్రయాణాలు ఇంత పెద్ద ఎత్తున విడిగా నమోదవుతున్నాయి. రేపటి చరిత్రకారులకు ఇది విలువైన ఆధారం. అయినా దాన్ని ప్రశ్నించకుండా స్వీకరించకూడదు. రద్దీలో కొన్ని టికెట్లు ఇవ్వలేకపోయి ఉండవచ్చు, కొన్ని అవసరానికి మించి కొట్టి ఉండవచ్చు. జీరో టికెట్ల సంఖ్య ప్రయాణాల సంఖ్యకు దగ్గరగా ఉండవచ్చు, కానీ రెండూ ఒకటి కావు.

7. సారాంశం

ఆర్టీసీలో సమాచార సాంకేతికత ఖాళీ స్థలంలోకి రాలేదు. ఎస్.ఆర్., ట్రే, తనిఖీలతో కూడిన కాగితపు వ్యవస్థ మీదనే అది నిలిచింది. టిమ్ లెక్కను వేగవంతం చేసింది. రిజర్వేషన్ వ్యవస్థ చార్టులను కలిపింది. యాప్ సమాచారాన్ని ప్రయాణికుడికి చేర్చింది. జీరో టికెట్ ఆ లెక్కకు కొత్త పాఠకుడిని తెచ్చింది. కానీ నమ్మకం, బాధ్యత అనే పాత ప్రశ్నలను ఏ యంత్రమూ పరిష్కరించలేదు. ఆ ప్రశ్నలు ఒక చోటు నుంచి మరో చోటుకు మారాయి.

8. నమూనా ప్రశ్నలు

1. కంప్యూటర్లకు ముందు ఆర్టీసీలో టికెట్ల లెక్క జరిగిన విధానాన్ని వివరించండి.
2. టిమ్ ప్రవేశం కండక్టర్లు, డ్రైవర్ల పనిని ఎలా మార్చింది? చర్చించండి.
3. జీరో టికెట్‌ను చారిత్రక ఆధారంగా ఉపయోగించడంలోని ప్రయోజనాలు, పరిమితులు రాయండి.

అభ్యాసం: సంపర్క తరగతులకు బస్సులో వెళ్లినప్పుడు మీ టికెట్‌ను పారేయకండి. దాని మీద అచ్చయిన ప్రతి వివరాన్నీ నోటుపుస్తకంలో రాసి, ఒక్కొక్కటీ ఎవరికి ఉపయోగమో ఎదురుగా రాయండి. ఆ ప్రయాణంలో మీరు గమనించినా టికెట్‌లో లేని విషయాలు ఐదు రాయండి. ఈ రెండు జాబితాలతో మూడో ప్రశ్నకు జవాబు మొదలుపెట్టండి.