రాయి మార్చే వేళ: క్షురకుని కత్తి పదునుపై ఒక చారిత్రక పరిశీలన

మడతకత్తిని నూరడానికి ఏయే రాళ్ళు కావాలో చెప్పే గ్రంథాలు చాలా ఉన్నాయి. ఒక రాతిని విడిచి, దానికన్నా నున్నని రాతికి ఎప్పుడు మారాలన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి వాటిలో చాలావరకు మాటలు పొదుపుగా వాడతాయి. ఆ పనిలో చేయి తిరిగినవారికి అసలు కష్టం అక్కడే ఉందని తెలుసు. ఈ నిర్ణయాన్ని వేర్వేరు కాలాలలో, దేశాలలో ఎలా తీసుకున్నారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కాలక్రమంలో రాళ్ళకు పేర్లు, రంగులు, చివరకు అంకెలు వచ్చాయి. మారే వేళను చెప్పే అధికారం మాత్రం ఇప్పటికీ కత్తి వాదరదే.

ముందుగా పని తీరును చూద్దాం. కత్తికి రెండు వైపులా ఉన్న ఏటవాలు తలాలు ఒక రేఖ వద్ద కలిస్తే ఏర్పడేదే వాదర. ఆ రెండు తలాలనూ మడమ నుంచి మొన వరకు పూర్తిగా కలపడం గరుకురాతి బాధ్యత. తరువాతి రాళ్ళు కొత్తగా వాదరను సృష్టించవు. ముందటి రాయి మిగిల్చిన గీతలను సన్నం చేస్తాయి, అంతే. తొందరపడి రాయి మారిస్తే నున్నని రాయి తలాలకు అద్దంలాంటి మెరుపునిస్తుంది గాని అంచును తాకదు. అటువంటి కత్తిని దీపం కింద నిటారుగా పట్టి చూస్తే అంచు వెంట తెల్లని వెలుగు దారం కనిపిస్తుంది. రెండు తలాలూ అక్కడ ఇంకా కలవలేదన్నమాట. ఆలస్యమైతే మరొక చిక్కు. పలచబడిన అంచు ఒక పక్కకు మడత పడుతుంది, తరువాత విరిగి రంపపు పళ్ళను మిగులుస్తుంది. మొదటి కత్తి వెంట్రుకను పీకుతుంది, రెండవది చర్మాన్ని గీరుతుంది.

మన దేశంలో ఈ విషయాన్ని శాస్త్రీయంగా పలికిన ప్రాచీన గ్రంథాలలో సుశ్రుతసంహిత ముఖ్యమైనది. సూత్రస్థానం 8వ అధ్యాయం 20 శస్త్రాలను పేర్కొని, వాటి వాదరలను కొలతల ప్రకారం విభజిస్తుంది. భేదనానికి వాడే శస్త్రానికి మసూరపప్పు అంచంత వాదర చాలు. లేఖనానికి అందులో సగం కావాలి. వ్యధనానికి వెంట్రుకంత, ఛేదనానికి అర వెంట్రుకంత సన్నదనం ఉండాలి. నూరడానికి మినుముల రంగు గల నున్నని రాయిని, నూరిన వాదరను నిలపడానికి బూరుగు పలకను ఆ అధ్యాయం విధిస్తుంది. రాతి పని ఎక్కడ ముగిసి పలక పని ఎక్కడ మొదలవుతుందో అప్పటికే గుర్తించారని దీనివల్ల తెలుస్తుంది. శస్త్రం వాడుకకు సిద్ధమైనదనడానికి ఆ గ్రంథం ఇచ్చే గుర్తు, అది వెంట్రుకను తెంచగలగడం. గరుకు అంచును దోషాలలో చేర్చి, రంపానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది, ఎముకను కోయవలసినది రంపమే కనుక. అంటే ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆ పనిముట్టు చేయవలసిన పని.

శస్త్రానికీ క్షురానికీ ఉన్న ఈ చుట్టరికం సమాజంలోనూ కనిపిస్తుంది. తెలుగు గ్రామాలలో నాయీబ్రాహ్మణులు క్షురకర్మతో పాటు చిన్నపాటి శస్త్రవైద్యం కూడా చేసేవారు. లండన్‌లో క్షురకులు, శస్త్రవైద్యులు 1540 నుంచి 1745 వరకు ఒకే సంఘంగా ఉన్నారు. పారిస్‌లో కత్తుల తయారీదారు జాన్-జాక్ పెరె శస్త్రవైద్యుల పనిముట్లూ చేసేవాడు. 1769లో ఆయన, ఎవరి గడ్డం వారే గీసుకోవడం నేర్పే పుస్తకం ప్రచురించాడు. పనిముట్లను పదును పెట్టే రాళ్ళను గుర్తించే పద్ధతిని, తోలుపట్టెను సిద్ధం చేసుకునే పద్ధతిని కూడా అందులో చేర్చాడు. అంతవరకు గురువు నుంచి శిష్యునికి చేతి ద్వారా అందిన విద్య అలా అచ్చులోకి వచ్చింది.

ఉక్కు చరిత్ర దగ్గర ఈ కథ మళ్ళీ తెలుగునేలను తాకుతుంది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో ఉక్కు తయారీని హెన్రీ వాయిసీ స్వయంగా చూసి వర్ణించాడు. ఆ వర్ణన 1832లో అచ్చయింది. దక్షిణభారతపు ఉక్కును ‘వూట్జ్’ పేరుతో జార్జ్ పియర్సన్ 1795లో లండన్ రాయల్ సొసైటీ ముందు విశ్లేషించాడు. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కును యూరప్ ఉక్కుకన్నా మేలైనదని మెచ్చుకున్నాడు. ఆయనతో కలిసి మైకేల్ ఫారడే మిశ్రమ ఉక్కులపై చేసిన ప్రయోగాలు 1820, 1822లలో వెలువడ్డాయి. ఆ మిశ్రమాలలో ఒకదానితో చేయించిన క్షురాలను ఫారడే మిత్రులకు కానుకగా ఇచ్చేవాడు. ఈ ప్రస్తావన మన విషయానికి దూరమైనది కాదు. ఉక్కు కాఠిన్యం మారితే అది రాతిపై అరిగే వేగమూ మారుతుంది. ఒక కత్తికి 50 రాపిళ్ళు చాలాయని మరొక కత్తికి కూడా 50 దగ్గరే ఆపడానికి వీలులేదు.

19వ శతాబ్దంలో జోలింగెన్ కత్తులకు ప్రపంచమంతటా పేరు వచ్చింది. వాటికి తోడుగా జర్మనీలోని థురింగియా రాళ్ళకూ గిరాకీ పెరిగింది. జోన్నెబెర్గ్‌కు చెందిన ఎషర్ సంస్థ తన రాళ్ళను ముదురు నీలం, నీలిపచ్చ, పసుపుపచ్చ వంటి రంగుల పేర్లతో చీటీలు అంటించి అమ్మేది. బెల్జియంలోని వీల్‌సాల్మ్ పరిసరాలలో దొరికే పసుపుఛాయ కోటిక్యూల్ రాతిది మరొక పద్ధతి. దాదాపు 48 కోట్ల ఏళ్ళనాటి ఈ రాతిలో సూక్ష్మమైన గార్నెట్ స్ఫటికాలు ఉంటాయి. రాతిపై ముందు చిక్కని ముద్ద చేసి నూరుతారు. తరువాత చుక్క చుక్కగా నీరు కలుపుతూ ఆ ముద్దను పలచన చేస్తారు. ఇక్కడ రాయి మారదు, నీరు మారుతుంది. అయినా నిర్ణయం అదే: వాదర పూర్తిగా ఏర్పడక ముందే నీరు కలిపితే తరువాతి శ్రమ అంతా వృథా.

20వ శతాబ్దంలో కృత్రిమ రాళ్ళతో అంకెలు వచ్చాయి. జపాన్ ప్రమాణం ప్రకారం 1000 అంకె రాతిలో రేణువు మధ్యస్థ పరిమాణం సుమారు 11.5 మైక్రాన్లు, 4000లో 3, 8000లో 1.2. ఈ మెట్లు ఎంతో ఉపయోగకరమైనవి. అయితే అవి చెప్పేది రాతి స్వభావాన్ని, కత్తి స్థితిని కాదు. పైగా కోటిక్యూల్ స్ఫటికాలు 8000 రాతి రేణువులకన్నా పెద్దవి. గుండ్రదనానికి దగ్గరగా ఉండే వాటి ఆకారం వల్ల గీత లోతుగా పడదు, అందుచేత అంచు మృదువుగానే వస్తుంది.

కొలతలకు పుట్టిల్లయిన పరిశ్రమలోనూ ఇదే కనిపిస్తుంది. స్టుట్‌గార్ట్ పక్కనున్న జిండెల్ఫింగెన్‌లో డైమ్లర్ కర్మాగారం 1915లో మొదలైంది. నేడు అక్కడ కార్ల రేకులను అచ్చొత్తే విభాగం ఉంది. ఉక్కు అచ్చులను రాళ్ళతో మెరుగుపెట్టే పనివారు ఎక్కడైనా పాటించే ఒక నియమం ఉంది. రాయి మారిన ప్రతిసారీ రుద్దే దిశనూ మారుస్తారు. పాత దిశలో గీత ఒక్కటైనా కనిపిస్తే ఆ రాతి పని ఇంకా మిగిలి ఉన్నట్టు. పాత గీతలన్నీ పోయాకనే తరువాతి రాయి పడుతుంది. ఈ తర్కం క్షురకునిదే. ఒక తేడా మాత్రం ఉంది: అచ్చుకు గీతలు పోతే సరిపోతుంది, కత్తికి గీతలన్నీ పోయినా వాదర కలవకపోతే ఫలితం లేదు. అందుకే క్షురకుడు కంటితో ఆగడు. బొటనవేలి మెత్తని భాగాన్ని వాదరకు అడ్డంగా తేలికగా ఆనించి చూస్తాడు. ముంజేతి వెంట్రుకను తాకించి చూస్తాడు. రాతిపై కత్తి ముందు నీరు ఎలా జరుగుతోందో గమనిస్తాడు.

తెలుగు క్షురకుని అడపంలో కత్తి, కత్తెరలతో పాటు సానరాయి, తోలుపట్టె ఉండేవి. తోలుపట్టె తరువాత చివరి మెరుగు అరచేతి మీదనే. ఆ రాతికి చీటీ లేదు, అంకె లేదు. కింగ్ జిల్లెట్ 1904లో పేటెంట్ పొందిన పారవేసే బ్లేడు ఇంటి గడ్డాన్ని మార్చింది. హెచ్.ఐ.వి. భయం వ్యాపించాక ఒక్కొక్కరికి ఒక కొత్త బ్లేడు వాడే పద్ధతి మన క్షురశాలలలో స్థిరపడింది. ఆరోగ్యరీత్యా అది సరైన మార్పే. దానితో నూరే పని అవసరం తీరిపోయింది.

ఇక్కడ నష్టాన్ని సరిగా లెక్కకట్టాలి. పాత కత్తులు ఇంకా దొరుకుతున్నాయి. ఎషర్ చీటీ ఉన్న రాళ్ళను సేకరించేవారు ఎక్కువ వెల పెట్టి కొంటున్నారు. పెరె పుస్తకం గ్రంథాలయాలలో భద్రంగా ఉంది. మన గ్రామాలలో తరతరాలుగా రాయి మార్చే వేళను వేలికొసతో గుర్తించినవారి మాటలకు అటువంటి భద్రత లేదు. ఆ విద్య కులవృత్తి పేరుతో చిన్నచూపుకు గురైంది, పండితులు దానిని వ్రాతకు తగినదిగా భావించలేదు. వస్తువులను సేకరించేవారికి సానరాయి దొరుకుతుంది. ఆ రాయిని ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్పగలిగిన వృద్ధులు ఇంకా కొందరు ఉన్నారు. వారిని అడిగి, వారు వాడిన మాటలలోనే నమోదు చేయడం మన వృత్తుల చరిత్ర రాసేవారు ముందుగా చేపట్టవలసిన పని.